హీటరా, ఫ్యానా, ఏదీ వద్దా? రాయగడ, సునాబెడ, బరంపురం ఇళ్లలో అక్వేరియం నీళ్ల లెక్క

సంక్రాంతికి ఒడిశా కొండల మీదున్న సునాబెడలో మా అక్క వాళ్లింటికి వెళ్లాను. ట్యాంకులో గప్పీలన్నీ అడుగున రాళ్ల మీద చేరి కదలకుండా ఉన్నాయి. "మావయ్యా, ఇవి పడుకున్నాయా?" అన్నాడు మేనల్లుడు. థర్మామీటర్ వేసి చూస్తే నీళ్లు 16 డిగ్రీలు. అదే షాపులో, అదే రోజు, అదే తొట్టిలోంచి కొన్న గప్పీలు రాయగడలో మా హాల్లో కొంచెం మందకొడిగా అయినా తిరుగుతున్నాయి. బరంపురంలో మా బామ్మర్ది ఇంట్లో అయితే హీటర్ ఊసే లేకుండా పిల్లల్ని పెడుతున్నాయి.

అప్పటి నుంచి, ట్రాపికల్ చేపలకి నీళ్లు ఎంత ఉండాలి అని ఎవరైనా అడిగితే నేను అంకె చెప్పడం మానేశాను. 26 అని చెప్పేస్తే పని అయిపోతుంది, అది తప్పు కూడా కాదు. కానీ సునాబెడలో జనవరి రాత్రి 26 నిలబెట్టడం ఒక పని, బరంపురంలో రోహిణి కార్తెలో 26 నిలబెట్టడం పూర్తిగా వేరే పని. మొదటిదానికి డబ్బు కావాలి. రెండోది ఏసీ లేని ఇంట్లో దాదాపు కుదరదు. కాబట్టి నా పద్ధతి తిరగేసినది: మీ ఇల్లు సులువుగా ఇవ్వగలిగిన వేడి ఎంతో ముందు తెలుసుకోండి, ఆ తర్వాత దానికి సరిపోయే చేపను కొనండి. మనలో చాలామంది చేపను ముందు కొని, ఆ తర్వాత దానికోసం ఇంటితో కుస్తీ పడతాం.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, మీ నీళ్ల అసలు లెక్క. ట్యాంకులో నీళ్లు నింపి, హీటర్ పెట్టకుండా, వారం రోజులు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి థర్మామీటర్ చూసి రాసుకోండి. చేత్తో ముట్టుకుని చెప్పొద్దు. మన చేతి చర్మం 32, 33 డిగ్రీల దగ్గర ఉంటుంది, కాబట్టి చేపకి హాయిగా ఉండే 26 డిగ్రీల నీళ్లు మనకి చల్లగానే తగులుతాయి. "గోరువెచ్చగా ఉన్నాయిలే" అని మీకు అనిపించాయంటే అవి అప్పటికే 33 దాటి ఉంటాయి.

రెండోది, ఊగిసలాట. పొద్దున్నకీ మధ్యాహ్నానికీ రెండు డిగ్రీల తేడా అయితే చాలా చేపలు పట్టించుకోవు. నాలుగైదు డిగ్రీలు రోజూ ఊగుతుంటే మాత్రం, సగటు ఎంత బాగున్నా జబ్బు వస్తుంది. 24 దగ్గర కదలకుండా ఉన్న ట్యాంకు, 23కీ 28కీ మధ్య తిరిగే ట్యాంకు కన్నా ఎప్పుడూ మేలు. చిన్న గాజు గిన్నెలు అందుకే పనికిరావు. నీళ్లు ఎంత తక్కువైతే అంత తొందరగా చల్లారతాయి, అంత తొందరగా వేడెక్కుతాయి.

మూడోది కరెంటు. ఎన్ని గంటలు పోతుంది అన్నది ఒక్కటే చూడకండి, ఎప్పుడు పోతుందో కూడా చూడండి. మధ్యాహ్నం రెండు గంటలు పోతే చలికాలంలో నష్టం లేదు. రాత్రి రెండింటికి పోయి ఆరింటికి వస్తే ఉంది.

నాలుగోది ఆక్సిజన్. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రమట్టంలో 20 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా పడుతుంది, 25 దగ్గర 8.3, 30 దగ్గర 7.6. అదే సమయంలో వేడికి చేప ఒళ్లు చురుకై ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లులాగా అన్నమాట. దీనికి తోడు ఎత్తు. కోరాపుట్, సునాబెడ దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అదే వేడి దగ్గర బరంపురం నీళ్ల కన్నా పదో వంతు తక్కువ ఆక్సిజన్ కరుగుతుంది. కొండ మీద ట్యాంకుని 30కి పెంచాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

చేప విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా సంగతీ ఇంతే. అందులో విషంగా పనిచేసే భాగం వేడితో పెరుగుతుంది. పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే కొలత) 8 ఉన్న నీళ్లలో 20 డిగ్రీల దగ్గర అది 4 శాతం లోపు ఉంటే, 30 దగ్గర ఏడున్నర శాతానికి చేరుతుంది. నీళ్లు మార్చడంలో చలికాలంలో చెల్లిపోయిన బద్ధకం ఎండాకాలంలో చెల్లదు.

మూడు ఇళ్లలో మేం రాసుకున్న లెక్క ఇది. మూడూ రెండడుగుల ట్యాంకులే, తలా 60 లీటర్ల నీళ్లు, హీటర్ లేకుండా:

| ఇల్లు | జనవరి తెల్లవారుజాము | జనవరి మధ్యాహ్నం | మే మధ్యాహ్నం |
|---|---|---|---|
| సునాబెడ (అక్క) | 16 | 19 | 28 |
| రాయగడ (మేం) | 20 | 22 | 32 |
| బరంపురం (బామ్మర్ది) | 23 | 24 | 31 |

మీ ఊరు పర్లాకిమిడి అయినా గుణుపురం అయినా మా రాయగడ వరస దగ్గరగా ఉండొచ్చు. అయినా మా అంకెలు నమ్మి చేపలు కొనకండి. రేకుల ఇల్లు, పై అంతస్తు, పడమటి గోడ, ఒక్కోటీ రెండు డిగ్రీలు మారుస్తుంది. ఇక నీళ్ల వేడిని నాలుగు మెట్లుగా విడదీసి, ఏ మెట్టుకి ఏ చేపలో చెబుతాను.

18 నుంచి 24: హీటర్ లేని ట్యాంకు

జీబ్రా డానియో, రోజీ బార్బ్, ప్లాటీ, పెప్పర్డ్ కోరీ, గోల్డ్ ఫిష్. దొరికితే వైట్ క్లౌడ్ కూడా, మన వైపు షాపుల్లో అరుదు.

వీటిలో నా ఓటు జీబ్రాకే. వేలెడంత చేప, ఒంటి మీద నీలి గీతలు, కుదురుగా ఉండదు, ధర తక్కువ. పుట్టుక మన దేశపు నీళ్లలోనే. పొలాల పక్క కాలవల్లో, వానకి నిండి వేసవికి కుంచించుకుపోయే నీళ్లలో బతికే జాతి కాబట్టి చలీ ఎండా దానికి కొత్త కాదు. సునాబెడలో గప్పీలు ముడుచుకుపోయిన నీళ్లలో జీబ్రాలు కొంచెం నెమ్మదించాయి, అంతే. 16 దానికీ ఇష్టమైన అంకె కాదు గానీ, నాలుగు గంటలు ఓర్చుకుంటుంది.

గోల్డ్ ఫిష్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది ట్రాపికల్ చేప కాదు. 18 నుంచి 22 దానికి బాగుంటుంది. మన వైపు అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యేదీ అదే, మన ఎండలకి అన్నిటికన్నా తక్కువ సరిపోయేదీ అదే. బరంపురంలో 31 డిగ్రీల నీళ్లలో అది చావదు, గాలి బుడగలు బాగా ఉంటే ఈదుతూనే ఉంటుంది. కానీ పదేళ్లు దాటి బతకగలిగిన చేప రెండేళ్లకే పోతుంది. పైగా దాన్ని ఏంజెల్ తోనో ఫైటర్ తోనో కలిపి ఒకే ట్యాంకులో వేస్తారు. ఒకరికి చలి, ఒకరికి ఉక్క. మధ్యలో 25 పెడితే ఇద్దరికీ అసౌకర్యమే. గోల్డ్ ఫిష్ మీద మనసుపడ్డవాళ్లు సునాబెడ, కోరాపుట్, సెమిలిగుడ వైపు ఉంటే మాత్రం అదృష్టవంతులు. హీటర్ ఖర్చు లేదు, పెద్ద ట్యాంకు ఒక్కటే కావాలి.

ఈ ఎంపికలో లోటు ఏమిటంటే రకాలు తక్కువ. షాపులో కళ్లకి నచ్చిన వాటిలో ముప్పాతిక వంతు ఇందులోకి రావు. చల్లటి నీళ్లలో చేప వ్యర్థాల్ని శుభ్రం చేసే ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా కూడా నెమ్మదిస్తుంది, కాబట్టి చలికాలంలో మేత తగ్గించాలి.

24 నుంచి 26: నేను ఎక్కువమందికి చెప్పేది

నియాన్ టెట్రా, గప్పీ, ప్లాటీ, టైగర్ బార్బ్, బ్రాంజ్ కోరీ, చెర్రీ రొయ్యలు, సకర్. ఏంజెల్ కూడా సర్దుకుంటుంది. మొదటి ట్యాంకు పెట్టే వాళ్లకి ఇంతకన్నా వెసులుబాటు ఉన్న మెట్టు లేదు. ఆక్సిజన్ చాలినంత ఉంటుంది, జావా ఫెర్న్, అనూబియాస్ లాంటి మొక్కలు బాగుంటాయి, నాచు మరీ పేట్రేగదు.

షాపులో "వేడి పెంచండి, చేప చురుగ్గా ఉంటుంది" అంటారు. నిజమే, ఉంటుంది. గప్పీని 28లో పెంచితే తొందరగా ఎదుగుతుంది, తొందరగా పిల్లలు పెడుతుంది, తొందరగా ముసలిదవుతుంది కూడా. 24లో పెరిగిన గప్పీ నిదానంగా ఎదిగి ఎక్కువ కాలం ఉంటుంది. పిల్లల కోసం ట్యాంకు పెట్టిన ఇంట్లో చేప చావు చిన్న విషయం కాదు. అందుకే నేను కింది అంచు వైపే మొగ్గుతాను.

నియాన్ ఒక్కదాని గురించి జాగ్రత్త. అది పై అంచున బాధపడుతుంది. 21 నుంచి 26 దాని పరిధి. మే నెలలో మా హాలు నీళ్లు 32కి చేరిన ఏడాది పన్నెండు నియాన్లలో నాలుగే మిగిలాయి. అమ్మినతన్ని ముందే అడిగాను, ఎండాకాలం తట్టుకుంటాయా అని. "కిచ్ఛి హెబొ నాహిఁ" అన్నాడు. ఏమీ కాదట. తప్పు నాది కూడా, థర్మామీటర్ చేతిలో ఉండి షాపతని మాట నమ్మాను. ఇప్పుడు నియాన్లు మా ఇంట్లో లేవు, అక్క వాళ్లింట్లో ఉన్నాయి. అక్కడ చలికాలంలో హీటర్, మే మధ్యాహ్నాల్లో చిన్న ఫ్యాన్ ఉంటే చాలు.

26 నుంచి 28: ఫైటర్, గౌరామీ, ఏంజెల్

ఫైటర్ అంటే బెట్టా. దీన్ని గాజు సీసాలో పెట్టి అమ్ముతారు కాబట్టి దీనికి ఏ నీళ్లైనా పరవాలేదన్న భ్రమ మన వాళ్లలో ఉంది. అది పైకి వచ్చి గాలి పీల్చగలదు, అందుకే తక్కువ ఆక్సిజన్‌ని తట్టుకుంటుంది. చలిని తట్టుకోదు. 22కి పడితే రెక్కలు ముడుచుకుని మూల చేరుతుంది, తిండి మానేస్తుంది. దాని గాలి సంగతి కూడా చూడాలి: నీళ్లు 27 ఉండి పైన గాలి 15 ఉంటే పీల్చిన ప్రతిసారీ చల్లగాలే. ఫైటర్ ట్యాంకుకి చలికాలంలో మూత ఉండాలి, మూతకీ నీళ్లకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి.

డ్వార్ఫ్ గౌరామీ, ఏంజెల్, మాలీ, కార్డినల్ టెట్రా, ఫ్లవర్ హార్న్ ఇక్కడ సుఖంగా ఉంటాయి. నియాన్ అనుకుని కార్డినల్ కొనేవాళ్లు, కార్డినల్ అనుకుని నియాన్ కొనేవాళ్లు ఉన్నారు. ఎర్ర గీత తల దగ్గర నుంచి తోక దాకా నిండుగా ఉంటే కార్డినల్, సగం నుంచి మొదలైతే నియాన్. మన ఎండలకి కార్డినలే నయం, ధర ఎక్కువైనా సరే.

ఈ మెట్టు బరంపురం, గోపాల్పూర్, ఛత్రపురం వైపు ఇళ్లకి దాదాపు ఉచితం. సముద్రం దగ్గర చలి పెద్దగా దిగదు. జనవరిలో నెలన్నర చిన్న హీటర్ వేస్తే సరి. మా బామ్మర్ది అదీ వెయ్యడు, అతని ఏంజెల్స్ నా వాటికన్నా పెద్దవి. అది నాకు కొంచెం మంటే.

28 నుంచి 30: డిస్కస్, రామ్

అందమైనవి, ఖరీదైనవి. డిస్కస్‌కి 28 తగ్గకూడదు, రామ్‌కి 27. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, అమ్మోనియా విషం ఎక్కువ, మేత ఎక్కువ, కాబట్టి వారానికి రెండుమూడు సార్లు నీళ్లు మార్చాలి. కొండ మీద ఇళ్లవాళ్లకి నేను దీన్ని వద్దనే చెబుతాను. జనవరిలో 16 ఉన్న గదిలో 29 నిలబెట్టడం అంటే పగలూ రాత్రీ హీటర్ కాలుతూనే ఉండాలి. నాలుగు గంటలు కరెంటు పోతే ఒక్కోటి వందలు, వేలు పోసి కొన్న చేపల కోసం దుప్పట్లు పట్టుకుని తిరగాలి. పదేళ్ల అనుభవం ఉండి, ఇన్వర్టర్ ఉండి, ఇంట్లో వాళ్ల సహకారం ఉంటే సరే.

30 డిగ్రీలు అందరికీ ఒక సందర్భంలో అవసరమవుతుంది. చలి దెబ్బ తిన్న చేపకి ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు వస్తాయి. ఆ పరాన్నజీవి బతుకు చక్రం 25 దగ్గర వారంలోపు తిరుగుతుంది, చల్లటి నీళ్లలో వారాలు పడుతుంది. చేప ఒంటి మీద ఉన్నప్పుడు మందు దానికి అందదు, వదిలి నీళ్లలోకి వచ్చినప్పుడే అందుతుంది. నీళ్లు వెచ్చబెడితే ఆ వదిలే ఘడియ తొందరగా వస్తుంది, 30 దగ్గర అది పెరగడమే కష్టమవుతుంది. రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచండి, గాలి పంపు పూర్తిగా తిప్పండి, మచ్చలు పోయాక కూడా వారం ఉంచండి. గోల్డ్ ఫిష్ ట్యాంకులో ఈ వైద్యం చెయ్యకండి.

నాలుగు మెట్లూ ఒకచోట

| | 18–24 | 24–26 | 26–28 | 28–30 |
|---|---|---|---|---|
| చేపలు | జీబ్రా, రోజీ బార్బ్, గోల్డ్ ఫిష్ | గప్పీ, ప్లాటీ, నియాన్, బార్బ్ | ఫైటర్, గౌరామీ, ఏంజెల్, మాలీ | డిస్కస్, రామ్ |
| సునాబెడ, కోరాపుట్ | అన్నిటికన్నా సులువు | చలికాలం హీటర్ తప్పదు | ఖర్చు, కరెంటు టెన్షన్ | వద్దు |
| రాయగడ, పర్లాకిమిడి | చలికాలం సరే, ఎండాకాలం కష్టం | చలికి హీటర్, ఎండకి ఫ్యాన్ | బాగా కుదురుతుంది | అనుభవం ఉంటేనే |
| బరంపురం తీరం | జీబ్రా తప్ప వద్దు | ఎండాకాలంలో నీళ్లు ఇది దాటిపోతాయి | ఉచితంగా కుదిరేది ఇదే | సాధ్యమే |
| నీళ్లు మార్చడం | వారానికోసారి | వారానికోసారి | వారానికోసారి, తప్పకుండా | వారానికి రెండుమూడు సార్లు |

హీటర్ కొనేవాళ్లకి

లీటరుకి ఒక వాట్ అని షాపుల్లో చెప్పే లెక్క మన వైపు సరిపోతుంది. 60 లీటర్లకి 50 లేదా 100 వాట్లు. నా సలహా, 100 ఒకటి కొనే బదులు 50 రెండు కొనండి. హీటర్ పాడైతే రెండు రకాలుగా పాడవుతుంది, వెలగకుండా పోతుంది లేదా ఆరకుండా ఉండిపోతుంది. రెండోది ప్రమాదం. ఆరకుండా ఉండిపోయిన 100 వాట్ల హీటర్ మార్చి నెలలో చేపల్ని ఉడకబెట్టేస్తుంది. 50 వాట్లది ఆ పని అంత తొందరగా చెయ్యలేదు, మీరు చూసుకునే టైం ఇస్తుంది. రెండింట్లో ఒకటి ఆగిపోయినా ఇంకోటి కొంత లాక్కొస్తుంది.

హీటర్ మీద తిప్పే అంకెని నమ్మొద్దు. రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపించడం మామూలే. ట్యాంకు అవతలి మూల వేరే థర్మామీటర్ పెట్టి, దాన్ని బట్టి సరిచేసుకోండి. నీళ్లు మార్చే ముందు స్విచ్ తీసేసి పావుగంట ఆగండి. వేడిగా ఉన్న గాజు గొట్టం నీళ్లు దిగి గాలి తగిలితే పగులుతుంది. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు కూడా స్విచ్ తియ్యాలి, ఇది పిల్లలకి ముందే నేర్పండి.

కరెంటు లెక్క. 60 లీటర్ల నీళ్లని ఒక్క డిగ్రీ పెంచడానికి 0.07 యూనిట్ పడుతుంది, అది పెద్ద ఖర్చు కాదు. నిలబెట్టడమే ఖర్చు. గదికీ నీళ్లకీ తేడా ఎంతో, వేడి పోవడం అంత. మా రాయగడలో ఐదారు డిగ్రీల తేడాకి రోజుకి అర యూనిట్ కొంచెం దాటుతుంది. సునాబెడలో పది డిగ్రీల తేడాకి రోజుకి ఒకటింపావు యూనిట్, అంటే నెలకి 36, 38 యూనిట్లు. ట్యాంకు వెనకా పక్కలా అంగుళం మందం థర్మోకోల్ అంటించి, పైన గాజు మూత వేస్తే ఇందులో బాగా తగ్గుతుంది. బావ ముందు బిల్లు చూసి మొహం చిట్లించాడు, థర్మోకోల్ అంటించాక మాట్లాడలేదు.

కరెంటు పోతే 60 లీటర్లు, పది డిగ్రీల తేడా ఉన్న గదిలో, గంటంబావుకి ఒక డిగ్రీ చొప్పున దిగుతాయి. నాలుగు గంటలకి మూడు డిగ్రీలు. చేపలు తట్టుకుంటాయి. దుప్పటి కప్పండి, మేత వెయ్యకండి. ఇంకా ఎక్కువసేపు పోతే ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్లు పోసి మూత బిగించి ట్యాంకులో తేల్చండి. వేడినీళ్లు నేరుగా పొయ్యొద్దు.

హీటర్ ట్యాంకులోకి ఎప్పుడు దించాలి, ఎప్పుడు తియ్యాలి అంటే నేను పంచాంగం చూస్తాను. రాయగడలో కార్తీకం చివర దించుతాను, శివరాత్రికి తీసేస్తాను. చలి శివశివా అంటూ పోయాక హీటర్ ఊరికే ట్యాంకులో ఉంటే అది ఆరకుండా ఉండిపోయే రోజు కోసం ఎదురుచూడటమే. సునాబెడలో దసరా దాటగానే దించి, హోలీ దాకా ఉంచుతారు.

ఎండాకాలం: ఫ్యాన్, అంతకు మించి ఏదీ లేదు

నీళ్లని వెచ్చబెట్టడం సులువు, చల్లబరచడం కష్టం. చిల్లర్ అనే యంత్రం ఉంది, దాని ధరకి మంచి ట్యాంకులు నాలుగు వస్తాయి. మనకి మిగిలింది ఫ్యాన్. మూత తీసి, దోమతెర లాంటి వల కప్పి, నీళ్ల మీదుగా చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి పోయేలా పెడితే నీళ్లు ఆవిరై రెండు నుంచి నాలుగు డిగ్రీలు దిగుతాయి. కూజా నీళ్లు చల్లబడే పద్ధతే ఇది. అందుకే పొడి ఎండ ఉన్న రాయగడలో బాగా పనిచేస్తుంది, ఉక్కపోసే బరంపురంలో అంతగా పనిచెయ్యదు. తీరం వాళ్లకి 26–28 చేపల్ని నేను చెప్పడానికి ఇదే అసలు కారణం. ఆవిరైన నీళ్లు రోజూ కొంచెం నింపుకోవాలి. రోహిణి కార్తె నుంచి రథయాత్ర వానలు పట్టేదాకా మా ఇంట్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, మనుషులకి కాదు.

ఐసు ముక్కలు వెయ్యొద్దు. గడ్డకట్టిన నీళ్ల సీసా తేల్చొచ్చు, కానీ అది కరిగాక నీళ్లు మళ్లీ ఎక్కుతాయి, అలా రోజూ ఊగడం 31 దగ్గర కుదురుగా ఉండటం కన్నా చెడు. లైటు గంటలు తగ్గించడం, మేత సగం చెయ్యడం, బుడగలు పెంచడం, ఈ మూడూ ఐసు కన్నా మంచివి.

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉండి, ఏడాదికో రెండేళ్లకో బదిలీ అయ్యే వాళ్లు (సునాబెడ, దామన్‌జోడి కాలనీల్లో మన తెలుగువాళ్లు చాలామంది ఇలాగే ఉన్నారు) జీబ్రా, ప్లాటీలతో ఉండండి. రేపు బదిలీ వైజాగ్‌కి వచ్చినా, కొండకి వచ్చినా అవి సర్దుకుంటాయి.

పిల్లల కోసం పెట్టేవాళ్లు గప్పీ, ప్లాటీ, 24–25. ఫైటర్ ఒక్కటే చాలు అనుకుంటే కనీసం 15 లీటర్ల ట్యాంకు, 25 వాట్ల హీటర్. సీసా వద్దు.

సంక్రాంతికీ దసరాకీ పది రోజులు ఊరికి పోయేవాళ్లు హీటర్ మీద ఆధారపడే చేపను కొనేముందు రెండుసార్లు ఆలోచించండి. పక్కింటివాళ్లు మేత వేస్తారు, థర్మామీటర్ చూడరు.

పిల్లల్ని పెట్టించి అమ్మాలనుకునేవాళ్లు 26–27 పెట్టుకోండి. ఇక్కడ తొందర ఎదుగుదల లాభమే. అమ్మేటప్పుడు మాత్రం కొనేవాళ్ల ఇంటి వేడి అడగండి.

ఇప్పటికే గోల్డ్ ఫిష్, ఏంజెల్, గప్పీ అన్నీ కలిపి వేసేసినవాళ్లు కంగారుపడకండి. గోల్డ్ ఫిష్‌ని విడదీసి చల్లటి గదిలో వేరే ట్యాంకులో పెట్టండి. మిగతావాటికి 25.

నీళ్లు మార్చే రోజు, చేప తెచ్చే రోజు

ఏడాదంతా వేడి సరిగ్గా ఉంచి, నీళ్లు మార్చే పావుగంటలో పాడుచేసుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. లెక్క చూడండి. 60 లీటర్ల ట్యాంకు 26 దగ్గర ఉంది, పావు వంతు తీసి 15 లీటర్ల 16 డిగ్రీల కుళాయి నీళ్లు పోశారు. ట్యాంకు ఒక్కసారిగా 23.5కి పడుతుంది. తెల్ల మచ్చలకి ఇంతకన్నా మంచి ఆహ్వానం లేదు. ఆ 15 లీటర్లలో రెండు లీటర్లకి కొంచెం తక్కువ మరిగిన నీళ్లు కలిపి, థర్మామీటర్‌తో చూసి పోస్తే తేడా ఉండదు. ఎండాకాలంలో తిరకాసు ఇంకోలా ఉంటుంది, మేడ మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి. అప్పుడు తెల్లవారుజామున పట్టుకోండి.

చేపల్ని మనం ఎక్కువగా వైజాగ్ నుంచో విజయనగరం నుంచో తెచ్చుకుంటాం. డిసెంబర్లో కిరండూల్ రైల్లో అరకు మీదుగా కోరాపుట్ చేరేసరికి సంచిలో నీళ్లు 19కి దిగిపోతాయి, ఇంట్లో ట్యాంకు 25. థర్మోకోల్ పెట్టెలో పెట్టి తెస్తే ఇంత దిగవు, మందుల షాపుల్లో అడిగితే పెట్టె ఊరికే ఇస్తారు. ఇంటికి రాగానే ట్యాంకు లైటు ఆపి, సంచి మూతి విప్పకుండా ఇరవై నిమిషాలు నీళ్ల మీద తేల్చండి. ఆరు డిగ్రీల తేడా ఉంటే ఇరవై చాలదు, నలభై పెట్టండి. తర్వాత మూతి విప్పి, పది నిమిషాలకో గ్లాసు చొప్పున ట్యాంకు నీళ్లు సంచిలో పొయ్యండి, ఓ నాలుగు గ్లాసులు. అప్పుడు చేపల్ని వలతో తీసి ట్యాంకులో వదలండి. సంచి నీళ్లు మాత్రం ట్యాంకులో పొయ్యకండి, తులసి కోటలోనో కుండీలోనో పారబొయ్యండి. ఆ రాత్రికి మేత వద్దు.